కురుసుర లోపల నిలబడితే 1962 గుర్తొచ్చింది: యుద్ధాన్ని ఆపింది అణు భయమా, అదృష్టమా?

గవ్వలమూట (శనివారం, రాత్రి 9:20)

దసరా సెలవులకు మా అక్క కొడుకు విజయనగరం నుంచి వస్తే, ఆర్కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి చూపించడానికి తీసుకెళ్లాను. వాడు తొమ్మిదో తరగతి. నేను ఇదివరకు నాలుగైదుసార్లు చూసిందే. అయినా ఈసారి ఆ గుండ్రటి తలుపుల్లోంచి వంగి దూరుతుంటే ఒళ్లు జలదరించింది.

ఎందుకో చెబుతాను. కురుసుర సోవియట్ తయారీ. 1969 డిసెంబరులో రీగా రేవులో మన నౌకాదళంలో చేరింది, 2001 ఫిబ్రవరి దాకా పనిచేసింది. నాటో దేశాలు ఈ రకాన్ని ఫాక్స్‌ట్రాట్ అని పిలిచేవి. 1962 అక్టోబరులో, క్యూబాలో సోవియట్ యూనియన్ పెట్టిన అణు క్షిపణుల మీద అమెరికాతో వచ్చిన సంక్షోభం సమయంలో సోవియట్ యూనియన్ అటు పంపిన నాలుగు జలాంతర్గాములూ ఈ రకానివే. ఒక్కోదానిలో 22 టార్పెడోలు, వాటిలో ఒకటి అణు టార్పెడో.

ఆ నాలుగింటిలో బి-59ను అక్టోబరు 27న అమెరికా యుద్ధనౌకలు చుట్టుముట్టాయి. పైకి రమ్మని హెచ్చరికగా చిన్న పేలుడు గుండ్లను నీళ్లలోకి వదిలాయి. లోపల వేడి 45 డిగ్రీలు దాటింది. మాస్కోతో మాటల్లేవు. పైన యుద్ధం మొదలైందో లేదో ఎవరికీ తెలియదు. కెప్టెన్ సావిట్‌స్కీ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడని, వాసిలీ అర్ఖీపోవ్ అనే అధికారి అడ్డుపడి ఆయనను శాంతపరిచాడని చదివాను.

ఇదంతా మావాడికి చెబుతూ టార్పెడో గొట్టాల ముందు నిలబడ్డాం. వాడు అడిగాడు: "పిన్నీ, రెండు దేశాల దగ్గరా బాంబులున్నాయి కాబట్టే యుద్ధం రాలేదని బడిలో చెప్పారు కదా. మరి ఆ రోజు ఈయన ఆ పడవలో లేకపోతే?"

నాకు నోట మాట రాలేదు. ఇంటికొచ్చినా అదే ప్రశ్న తిరుగుతోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

కోటగుమ్మం (శనివారం, రాత్రి 10:05)

గవ్వలమూట గారూ, మీవాడి ప్రశ్న చాలా మంచిది. కానీ ఒక్క పడవలో ఒక్క గంటను చూసి నలభై ఏళ్ల చరిత్రను తేల్చేయకూడదని నా మనవి.

ఇంకో దృశ్యం చెబుతాను. 1961 అక్టోబరు, బెర్లిన్. చెక్‌పాయింట్ చార్లీ దగ్గర అమెరికా ట్యాంకులు, సోవియట్ ట్యాంకులు వంద గజాల దూరంలో ఎదురెదురుగా నిలబడ్డాయి. దాదాపు పదహారు గంటలు అలాగే ఉన్నాయి. రెండువైపులా గుండ్లు నింపుకునే ఉన్నాయి. ఆ తర్వాత ఏమైంది? ముందు ఒక సోవియట్ ట్యాంకు కొన్ని మీటర్లు వెనక్కి జరిగింది. కాసేపటికి ఒక అమెరికా ట్యాంకు వెనక్కి జరిగింది. అలా ఒక్కొక్కటిగా అన్నీ వెళ్లిపోయాయి. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ, సోవియట్ అధినేత క్రుశ్చేవ్ లోపాయికారీగా మాట్లాడుకున్నారు కాబట్టి అది సాధ్యమైంది. ఎందుకు మాట్లాడుకున్నారు? ఆ వీధిలో ఒక్క గుండు పేలితే అది ఏ మెగాటన్ను (పది లక్షల టన్నుల పేలుడు మందు బలం) దగ్గర ఆగుతుందో ఇద్దరికీ తెలుసు కనుక.

ఇదే బెర్లిన్ గొడవ 1914లోనో 1939లోనో వచ్చి ఉంటే యూరప్ మళ్లీ శ్మశానమయ్యేది. అణు నిరోధం అంటే ఇదే. నువ్వు ముందు కొట్టినా నిన్ను కొట్టేంత బలం నాకు మిగిలే ఉంటుందని ఎదుటివాడికి నమ్మకం కలిగించడం. ఆ నమ్మకం ఇద్దరికీ ఉన్నంతకాలం ముందుగా కొట్టడంలో లాభం లేదు. ఇది అదృష్టం కాదు, లెక్క.

జలచరుడు (శనివారం, రాత్రి 11:40)

అమ్మా, నేను ఈ రకం జలాంతర్గామిలో ఏళ్ల తరబడి పనిచేసి రిటైరైనవాడిని. మనవి ఎగుమతి కోసం కొన్ని మార్పులు చేసిన రకం. అయినా ఆ ఉక్కు గొట్టంలో బతుకు ఎలా ఉంటుందో చెప్పగలను.

డీజిల్ వాసన ఒంటికి, దుప్పటికి, అన్నానికి పట్టేస్తుంది. ఇంటికెళ్లి వారం రోజులు తలంటుకున్నా పోదు. నీళ్లు కొలిచి ఇస్తారు. బ్యాటరీ అయిపోతున్నప్పుడు ముందు ఫ్యాన్లు ఆపేస్తారు. అప్పుడు గాలి కదలదు. బొగ్గుపులుసు వాయువు పెరిగేకొద్దీ తల దిమ్మెక్కుతుంది, చిన్న లెక్క కూడా తప్పుతుంది. ఎవరేమన్నా కోపం వస్తుంది. ఇది మామూలు రోజుల్లో, బంగాళాఖాతంలో, ఎవరూ మనల్ని తరమనప్పుడు.

బి-59లో వాళ్లు అక్టోబరు 1న మంచు సముద్రం దగ్గర బయలుదేరారు. ఆ పడవలను చలి నీళ్ల కోసం కట్టారు. వాళ్లు చేరింది కరీబియన్ దగ్గరి వెచ్చటి నీళ్లకు. నాలుగు వారాలు. ఆపైన నెత్తిమీద పేలుళ్లు. పేలుడు చిన్నదే కావచ్చు, కానీ లోపల ఉన్నవాడికి ఇనప పీపాలో కూర్చోబెట్టి సుత్తితో బాదినట్టుంటుంది. పైకి రమ్మనడానికి ఇలాంటి సంకేతాలు ఇస్తామని అమెరికా ముందుగానే మాస్కోకు తెలియజేసింది. ఆ కబురు పడవలకు చేరలేదు.

కోటగుమ్మం గారూ, లెక్క అన్నారు. ఆ గాలి పీలుస్తూ లెక్క సరిగ్గా చేయగలవాడు దొరకడం కష్టమండీ.

పరీక్షార్థి (ఆదివారం, ఉదయం 7:15)

అందరికీ నమస్కారం. గ్రూప్స్‌కు చదువుతున్నాను. అర్ఖీపోవ్ గురించి ముగ్గురు అధికారులు ఓటు వేశారని, ఇద్దరు సరేనంటే ఈయన ఒక్కడే వద్దన్నాడని చదివాను. నిజమేనా సర్? ఇంకొకటి, ఈ సంక్షోభం తర్వాతే కదా వైట్‌హౌస్‌లో ఎర్ర టెలిఫోన్ పెట్టింది?

లంబకోణం (ఆదివారం, ఉదయం 8:50)

రెండో ప్రశ్న తేలిక. ఎర్ర టెలిఫోన్ అనేది సినిమాల్లోనిదే. 1963 జూన్‌లో ఒప్పందం కుదిరింది, ఆగస్టు చివర్లో లైను మొదలైంది. అది టెలిప్రింటర్ లైను. లండన్, కోపెన్‌హేగన్, స్టాక్‌హోమ్, హెల్సింకీల మీదుగా మాస్కోకు కేబుల్. గొంతు వినిపిస్తే తొందరపాటు మాట జారవచ్చు, అపార్థం కావచ్చు. అక్షరమైతే చదివి, ఆలోచించి జవాబు ఇవ్వవచ్చు. అందుకే ఆ ఏర్పాటు.

అంతకు ముందు ఎలా ఉండేదో తెలుసా? సంక్షోభం మధ్యలో వాషింగ్టన్‌లోని సోవియట్ రాయబారి దొబ్రీనిన్ మాస్కోకు పంపే టెలిగ్రామును సంకేతాల్లోకి మార్చి ఇస్తే, టెలిగ్రాఫ్ కంపెనీ కుర్రాడు సైకిల్ మీద వచ్చి పట్టుకెళ్లేవాడు. ప్రపంచం నిలుస్తుందో లేదో తేల్చే కాగితం సైకిల్ మీద వెళ్లింది. అక్టోబరు 28న క్షిపణులు వెనక్కి తీసుకుంటున్నామన్న జవాబును క్రుశ్చేవ్ మాస్కో రేడియోలోనే చదివించాడు. మామూలు దారిలో పంపితే ఆలస్యమవుతుందని భయం.

మొదటి ప్రశ్న జలచరుడు గారు చెబితేనే బాగుంటుంది.

జలచరుడు (ఆదివారం, మధ్యాహ్నం 12:30)

బాబూ, ఓటు అనే మాటను నేను నమ్మను. జలాంతర్గామిలో ఓట్లుండవు. అర్ఖీపోవ్ ఆ దళానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్, హోదాలో కెప్టెన్‌తో సమానం, ఆ పడవలో ప్రయాణిస్తున్నాడు. సావిట్‌స్కీ కోపంతో టార్పెడో సిద్ధం చేయమన్నాడన్నది అందులోనే ఉన్న ఓర్లోవ్ అనే అధికారి చెప్పిన కథనం.

అర్ఖీపోవ్ స్వయంగా చెప్పిన కథనం కొంచెం వేరు. బ్యాటరీ అయిపోయి రాత్రిపూట పడవ పైకి తేలింది. వెంటనే అమెరికా విమానాలు తలమీదికి దిగి దీపాలు గుప్పించాయి, పడవ పక్కగా కాల్పులు జరిపాయి. దాడి జరుగుతోందనుకుని సావిట్‌స్కీ వెంటనే మునగమని ఆజ్ఞ ఇచ్చాడు. కిందికి దిగే ఇరుకు బావిలో సిగ్నల్ దీపం పట్టుకున్న మనిషి ఇరుక్కుపోయాడు. ఆ కొద్ది క్షణాల ఆలస్యంలో పైన ఇంకా ఉన్న అర్ఖీపోవ్, అవతలి ఓడ దీపంతో క్షమాపణ సంకేతం ఇవ్వడం చూశాడు. మునగడం ఆపించాడు.

ఆ బావి ఎంత ఇరుకో నాకు తెలుసు. చేతిలో ఒక సంచి ఉన్నా మోచెయ్యి గీసుకుంటుంది.

ఇంకొక్క మాట. అర్ఖీపోవ్ మాటకు విలువ ఉండటానికి కారణం ఉంది. 1961 జులైలో కె-19 అనే అణు జలాంతర్గామిలో రియాక్టర్ చల్లబరిచే వ్యవస్థ దెబ్బతింది. దాన్ని బాగుచేయడానికి లోపలికి వెళ్లినవాళ్లతో కలిపి ఎనిమిది మంది కొన్ని వారాల్లోనే చనిపోయారు. ఆ పడవలో ఈయన ఉప కెప్టెన్. అణుశక్తి మనిషి ఒంటికి ఏం చేస్తుందో పటాల్లో కాదు, తోటివాళ్ల చర్మం మీద చూశాడు.

కోటగుమ్మం (ఆదివారం, మధ్యాహ్నం 2:10)

జలచరుడు గారూ, మీ అనుభవానికి నమస్కారం. మీరు చెప్పినదాన్ని కాదనను. కానీ అదే అక్టోబరు 27న జరిగిన ఇంకో సంగతి చూడండి. క్యూబా మీద అమెరికా యు-2 గూఢచారి విమానాన్ని కూల్చారు. మేజర్ రుడాల్ఫ్ ఆండర్సన్ చనిపోయాడు. కూల్చమన్నది అక్కడి సోవియట్ అధికారులు, మాస్కో అనుమతి లేకుండానే. విమానం కూలితే ఆ క్షిపణి స్థావరం మీద దాడి చేయాలని కెన్నెడీ సలహాదారులు అంతకు ముందే అనుకున్నారు. సైన్యం సిద్ధంగా ఉంది. కెన్నెడీ ఆగాడు.

ఆ రాత్రే తమ్ముడు రాబర్ట్ కెన్నెడీని దొబ్రీనిన్ దగ్గరికి పంపాడు. టర్కీలో అమెరికా పెట్టిన జుపిటర్ అణు క్షిపణులను కొన్ని నెలల్లో తీసేస్తామని, ఆ మాట బయటికి రాకూడదని చెప్పించాడు. 1963 ఏప్రిల్‌కల్లా తీసేశారు కూడా. ఆ మనిషిని ఆపింది ఏది? భయమే. మంచి భయం. పైస్థాయిలో భయం పనిచేసింది కాబట్టే కిందిస్థాయి తప్పులు తప్పులుగానే మిగిలాయి.

తుంగభద్ర (ఆదివారం, సాయంత్రం 4:45)

యుద్ధం రాలేదు, యుద్ధం రాలేదు అని అందరూ రాస్తున్నారు. చదువుతుంటే బాధేసింది.

కజకిస్తాన్‌లో సెమిపలాటిన్‌స్క్ మైదానంలో 1949 నుంచి 1989 వరకు 456 సోవియట్ అణు పరీక్షలు జరిగాయి. ఆ పల్లెల్లో పశువులు మేపుకునేవాళ్లకు ఎవరూ చెప్పలేదు. పసిఫిక్ సముద్రంలోని మార్షల్ దీవుల్లో అమెరికా 67 పరీక్షలు జరిపింది. 1954 మార్చి 1న బికినీ దగ్గర పేల్చిన బాంబు 15 మెగాటన్నులు, అనుకున్నదానికి రెండున్నర రెట్లు. రోంగెలాప్ దీవిలో పిల్లలు తెల్లగా రాలుతున్న బూడిదతో ఆడుకున్నారు. కొరియా, వియత్నాం, ఆఫ్ఘనిస్తాన్‌లలో లక్షలమంది చచ్చిపోయారు. అగ్రరాజ్యాలు ఒకరి ఇంటి మీద ఒకరు రాయి వేసుకోలేదు, నిజమే. ఇతరుల ఇళ్లలో కొట్టుకున్నాయి.

నిరోధం గురించి మాట్లాడేటప్పుడు వీళ్లను కూడా లెక్కలో వేయండి. అంతే అడుగుతున్నాను.

లంబకోణం (ఆదివారం, సాయంత్రం 6:30)

తుంగభద్ర గారు అన్నది ముమ్మాటికీ నిజం. నా విద్యార్థులకు మెగాటన్ను లెక్కలు చెబుతాను గానీ రోంగెలాప్ పేరు ఇంతవరకు తరగతిలో ఎత్తలేదు. ఇకనుంచి చెబుతాను.

కోటగుమ్మం గారి లెక్క వైపు వస్తాను. ఆ లెక్కలో ఒక విచిత్రం ఉంది, దాన్ని అర్థం చేసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మామూలు యుద్ధంలో డాలు మంచిది, కత్తి చెడ్డది. ఇక్కడ తలకిందులు. ఎదుటివాడి క్షిపణులను ఆకాశంలోనే కూల్చే డాలు నా దగ్గర ఉందనుకోండి, నేను ముందుగా కొట్టి, అతని దగ్గర మిగిలిన కొద్దిపాటి క్షిపణులను ఆ డాలుతో ఆపుకోగలను. అది అతనికీ తెలుసు. కనుక నా డాలు పూర్తికాక ముందే కొట్టాలని అతనికి అనిపిస్తుంది. అందుకే 1972లో నిక్సన్, బ్రెజ్‌నెవ్ క్షిపణి కవచాలను పరిమితం చేస్తూ ఒప్పందం చేసుకున్నారు. మొదట చెరి రెండు చోట్ల, 1974లో చెరి ఒక్కచోట. మా ప్రజలను మీ క్షిపణులకు ఎదురుగా నిలబెడతాం, మీరూ అలాగే చేయండి అని రెండు ప్రభుత్వాలు సంతకాలు పెట్టాయి! 2002లో అమెరికా ఆ ఒప్పందం నుంచి తప్పుకుంది.

ఇలాంటిదే ఇంకొకటి, ఒకే క్షిపణికి అనేక వార్‌హెడ్లు (మొనలో అమర్చే అణు బాంబులు) తగిలించడం. ఒక్క క్షిపణితో ఎదుటివాడి మూడు నాలుగు క్షిపణులను నేలమీదే నాశనం చేయవచ్చంటే, ముందు కొట్టినవాడికి లాభం అనే ఆశ పుడుతుంది. ఆ ఆశే ప్రమాదం. నిరోధానికి అసలైన ఆధారం సముద్రంలో దాక్కున్న అణు జలాంతర్గాములు. ఎక్కడున్నాయో తెలియదు కనుక ముందుగా నాశనం చేయడం కుదరదు.

కోటగుమ్మం (ఆదివారం, సాయంత్రం 7:00)

అదే నేను చెబుతున్నది. విశాఖలో మనం అరిహంత్ అణు జలాంతర్గామిని కట్టుకున్నదీ అందుకే.

నిర్వాహకులు (ఆదివారం, సాయంత్రం 7:25)

సభ్యులకు మనవి. భారత్, పాకిస్తాన్, చైనాల అణు విధానం మీద వేరే చర్చ నడుస్తోంది. ఇక్కడ అమెరికా, సోవియట్ యూనియన్ విషయానికే పరిమితం కాగలరు.

ప్రైరీపిట్ట (ఆదివారం, రాత్రి 10:15)

మేం ఒమాహాలో ఉంటాం. రెండేళ్ల క్రితం వేసవిలో మౌంట్ రష్‌మోర్ చూడటానికి కారులో వెళుతూ దక్షిణ డకోటాలో ఇంటర్‌స్టేట్ 90 పక్కన ఆగాం. అక్కడ మినిట్‌మన్ క్షిపణుల స్థావరాన్ని చారిత్రక స్థలంగా ఉంచారు. ఒకప్పుడు ఆ పశ్చిమ ప్రాంతమంతా గడ్డి భూముల్లో 150 క్షిపణులు ఉండేవి. రైతు కంచెకు ఇవతల ఆవులు, అవతల 1.2 మెగాటన్నుల వార్‌హెడ్. హిరోషిమా బాంబుకు సుమారు ఎనభై రెట్లు.

లిఫ్టులో భూమి కిందికి, ముప్పై అడుగుల లోతుకు దిగాం. చిన్న గది. రెండు ఎర్ర కుర్చీలు, నేలమీది పట్టాలపై జరుగుతాయి. కారులో ఉన్నట్టు వాటికి బెల్టులున్నాయి. బాంబు పడితే గది ఊగినా అధికారి కిందపడకుండా తన పని పూర్తి చేయాలి కదా. గోడకు ఎర్ర పెట్టె, దానికి రెండు తాళాలు. ఇద్దరు అధికారులు చెరొక తాళంచెవిని ఒకేసారి తిప్పాలి. రెండు తాళంచెవుల చోట్లను ఒక్క మనిషి చేతులకు అందనంత దూరంలో పెట్టారు. నేను ఒక కుర్చీ పక్కన నిలబడి చేయి చాచి చూశాను. అందదు.

మందపాటి ఇనప తలుపు మీద ఎవరో అధికారి పిజ్జా డబ్బా బొమ్మ వేశాడు. ప్రపంచంలో ఎక్కడికైనా అరగంటలోపు చేరవేస్తామని దాని మీద రాత. మా ఆయన ఫోటో తీశారు. నేను తీయలేకపోయాను. ఆ అరగంట నిజం. ఆ క్షిపణి సోవియట్ నేలను చేరడానికి పట్టే సమయం అంతే.

కాఫీ కప్పు పెట్టుకునే చోటు, దిండు, దుప్పటి కూడా ఉన్నాయి. ఇరవై ఏళ్లు దాటీదాటని కుర్రాళ్లు అక్కడ ఇరవై నాలుగు గంటల డ్యూటీ చేసేవారు. మా పెద్దమ్మాయి వయసు.

పరీక్షార్థి (సోమవారం, ఉదయం 6:40)

అరగంటలో దేశాధినేత నిర్ణయం తీసుకోవాలంటే మేడమ్, హెచ్చరిక తప్పయితే?

లంబకోణం (సోమవారం, ఉదయం 9:05)

తప్పయిన సందర్భాలు చాలా ఉన్నాయి. 1979 నవంబరు 9న అమెరికా రక్షణ కేంద్రంలో శిక్షణ కోసం తయారుచేసిన టేపు అసలు కంప్యూటరులో నడిచింది. తెర మీద సోవియట్ మహాదాడి కనిపించింది. 1980 జూన్‌లో 46 సెంట్ల చిప్ పాడై మళ్లీ అదే భయం. 1995 జనవరి 25న నార్వే శాస్త్రవేత్తలు ధ్రువకాంతుల పరిశోధనకు ప్రయోగించిన రాకెట్టును చూసి రష్యాలో అధ్యక్షుడు యెల్త్‌సిన్ ముందు అణుదాడి ఆదేశానికి వాడే బ్రీఫ్‌కేసు తెరిచారు. నార్వే ముందుగానే తెలియజేసింది. ఆ సమాచారం రాడార్ సిబ్బందికి చేరలేదు. బి-59కు చేరని కబురు లాంటిదే.

అన్నిటికంటే నన్ను కదిలించేది 1983 సెప్టెంబరు 26. సోవియట్ యూనియన్ కొరియా ప్రయాణికుల విమానాన్ని కూల్చి 269 మంది చనిపోయి నాలుగు వారాలు కాలేదు. మాస్కోకు దక్షిణాన సెర్పుఖోవ్-15 కేంద్రంలో రాత్రి డ్యూటీలో లెఫ్టినెంట్ కల్నల్ స్టానిస్లావ్ పెట్రోవ్. సైరన్ మోగింది. అమెరికా నుంచి ఒక క్షిపణి బయలుదేరిందని ఉపగ్రహం చెప్పింది. తర్వాత రెండోది, మూడోది, అలా ఐదు. ఆయన ఏం ఆలోచించాడంటే, నిజంగా యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదు క్షిపణులతో మొదలుపెడతాడా? నేలమీది రాడార్లు ఏమీ చూపించడం లేదు. వ్యవస్థ కొత్తది. ఇది తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. ఖాయంగా తెలిసి కాదు. ఎత్తైన మేఘాల మీద పడిన ఎండను ఉపగ్రహం క్షిపణి మంటగా పొరబడిందని తర్వాత తేలింది.

విచారణలో ఆయనను అడిగిన ప్రశ్న, ఆ సమయంలో రిజిస్టరు ఎందుకు రాయలేదని. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో మైకు ఉన్నాయి, మూడో చెయ్యి లేదన్నాడు.

కోటగుమ్మం (సోమవారం, రాత్రి 8:30)

రెండు రోజులుగా ఈ చర్చనే ఆలోచిస్తున్నాను. నా మాటను కొంత సరిదిద్దుకుంటున్నాను. భయం పనిచేసిందని ఇప్పటికీ నమ్ముతాను. అయితే అది పనిచేయడానికి వ్యవధి కావాలి. బెర్లిన్‌లో పదహారు గంటలు దొరికాయి. క్యూబాలో పదమూడు రోజులు. పెట్రోవ్‌కు నిమిషాలే. 1983 చివర్లో పశ్చిమ జర్మనీకి వచ్చిన పెర్షింగ్-2 క్షిపణులు పది నిమిషాల్లోపే మాస్కోను చేరగలవని సోవియట్ నాయకులు వణికిపోయారు. 1987లో రీగన్, గోర్బచేవ్ ఆ రకం క్షిపణులను పూర్తిగా రద్దు చేసుకున్నారు. 2,692 క్షిపణులను నాశనం చేశారు. నా దృష్టిలో వాళ్లు తిరిగి సంపాదించింది ఆ నిమిషాలనే.

ఆ ఒప్పందం 2019లో పోయింది. రెండు దేశాల దూరశ్రేణి అణ్వస్త్రాలను పరిమితం చేసిన న్యూ స్టార్ట్ ఒప్పందం గడువు 2026 ఫిబ్రవరి 5తో ముగిసింది. ఇక రెండు దేశాల అణ్వస్త్రాల సంఖ్యకు కాగితం మీద పరిమితి లేదు. ఇది రాస్తుంటే నాకు చేతులు ఆడటం లేదు.

ప్రైరీపిట్ట (సోమవారం, రాత్రి 9:50)

ఇప్పుడు కంప్యూటరుకే నిర్ణయం అప్పగిస్తే ఇంకా త్వరగా తేలుతుందని వాదించేవాళ్లు నా వృత్తిలో కూడా కనిపిస్తున్నారు. 2024 నవంబరులో బైడెన్, షీ జిన్‌పింగ్ లిమాలో కలిసినప్పుడు అణ్వస్త్రాల నిర్ణయం మనుషుల చేతిలోనే ఉండాలని ఒప్పుకున్నారు. పెట్రోవ్ ముందున్న యంత్రం తన లెక్క ప్రకారం సరిగ్గానే చెప్పింది. అనుమానపడటం దానికి రాదు.

గవ్వలమూట (మంగళవారం, ఉదయం 8:10)

అందరికీ ధన్యవాదాలు. మొత్తం మావాడికి చదివి వినిపించాను. తుంగభద్ర గారు రాసింది విని రోంగెలాప్ ఎక్కడుందని అట్లాసు తీశాడు. చుక్కలాగా కూడా లేదు. పెన్సిలుతో చుక్క పెట్టుకున్నాడు.

వాడికి ఇంకో సందేహం. బావిలో ఇరుక్కున్న ఆ దీపం మనిషి పేరేమిటని. జలచరుడు గారూ, సంక్రాంతికి వాడు మళ్లీ వస్తాడు. మీకు వీలైతే మీతో కలిసి ఇంకోసారి కురుసుర చూడాలని మా కోరిక.

జలచరుడు (మంగళవారం, మధ్యాహ్నం 1:20)

తప్పకుండా అమ్మా. ఆ మనిషి పేరు నేను చదివినవాటిలో లేదు. మామూలు నావికుల పేర్లు అలాగే పోతాయి.

కనుమ మరునాడు రండి, పండుగ రద్దీ తగ్గుతుంది. కంట్రోల్ రూములో నిలబెట్టి, ఫ్యాన్లు ఆపినప్పుడు ఏ శబ్దాలు మిగులుతాయో బాబుకు చెబుతాను. పెద్దవాడినయ్యాను, తలుపుల దగ్గర కాస్త చేయి పట్టుకోమనండి.